రొయ్యల రైతుల కోసం స్టార్టప్: హైదరాబాద్‌లో పెట్టాలా, భీమవరం వచ్చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది పాలకొల్లు దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రొయ్యల చెరువులో నీటి పరిస్థితిని ఫోన్‌లో చూపించే యాప్, దానికో సెన్సర్ చేద్దామనుకుంటున్నారు. చేతిలో 12 లక్షలు ఉన్నాయి. మీ ఆవిడ కూడా ఉద్యోగం చేస్తున్నారు, రెండేళ్ల పాప ఉంది. ఉద్యోగం మానేసి మాదాపూర్‌లో చిన్న ఆఫీసు తీసుకోవాలా, లేక భీమవరం వచ్చేయాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆఫీసు ఎక్కడా తీసుకోకండి. ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఒక పంటకాలం, అంటే మూడు నాలుగు నెలలు, వీలైనన్ని శని ఆదివారాలు చెరువు గట్టు మీద గడపండి. పది మంది రైతులు డబ్బులిచ్చి మీ వస్తువు తీసుకున్నాక ఉద్యోగం మానేసి గోదావరి డెల్టాకి, అంటే భీమవరం వైపుకి వచ్చేయండి. మొదటి రెండేళ్లు మీరు కొనేవాళ్ల పక్కన ఉండాలి. హైదరాబాద్‌తో పని ఉంటుంది, కానీ అది నెలకి రెండు మూడు రోజుల పని.

ఇది నేను ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, ఇదే పని రెండో వైపు నుంచి మొదలుపెట్టి ఏడాదిన్నర పోగొట్టుకున్నాను. 2016 జనవరిలో కేంద్రం స్టార్టప్ ఇండియా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అంతకు రెండు నెలల ముందే గచ్చిబౌలిలో కొత్త కంపెనీలకి చోటూ సాయం ఇచ్చే టీ-హబ్ మొదలైంది. ఎక్కడ నలుగురు కలిసినా అదే మాట. నేనూ, నా స్నేహితుడూ ఉద్యోగాలు మానేసి కొండాపూర్‌లో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. మా ఇద్దరిదీ భీమవరం పక్కన ఉండి మండలమే. రొయ్యల గురించి మాకు తెలియనిదేముంది అనుకున్నాం. నిజానికి మాకు తెలిసింది మా చిన్నప్పటి చెరువు. అప్పుడంతా టైగర్ రొయ్య, తెల్లమచ్చ వైరస్ భయం. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చాక సాగు పూర్తిగా మారిపోయింది. ఎకరానికి వేసే రొయ్య పిల్ల ఎన్నో రెట్లు పెరిగింది, దాంతో నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగితే చెరువులో పంటంతా పోయే పరిస్థితి వచ్చింది. ఈ మార్పు జరిగిన ఏళ్లలో మేం ఊళ్లో లేం.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్, అంకెలు చూపించే యాప్ తయారు చేశాం. కరిగిన ఆక్సిజన్‌ని రైతులు డీఓ అంటారు, మీకు తెలిసే ఉంటుంది. పగలు నీళ్లలోని ప్లాంక్టన్, అంటే కంటికి కనపడని నాచు, ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్ తినేస్తుంది. అందుకే తెల్లవారుజామున డీఓ అట్టడుగుకి వస్తుంది. 4 పీపీఎం (లీటరు నీటికి 4 మిల్లీగ్రాములు) కన్నా తగ్గితే యాప్ హెచ్చరిక పంపాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి ఆలోచన ఉండదు. గదిలో ప్లాస్టిక్ తొట్టెలో పెట్టి చూస్తే అద్భుతంగా పనిచేసింది.

2017 వేసవిలో మా మేనమామగారి చెరువుల మీద పెట్టాం. వరసగా మూడు చెరువులు, మొదటిదాని పక్కన షెడ్డు. పంట 70 రోజులు దాటింది. ఆ రాత్రి నేనూ షెడ్డులోనే పడుకున్నాను. మూడు గంటల ప్రాంతంలో ఒక ఫేజు పోయి, అవతలి చివర చెరువు మోటార్ల స్టార్టర్ ట్రిప్ అయి ఏరేటర్లు ఆగిపోయాయి. షెడ్డు పక్కన ఉన్న చెరువు వేరే స్టార్టర్ మీద ఉంది కాబట్టి దాని ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. గట్టు మీద పడుకునేవాళ్లకి చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. ఆ రాత్రి చప్పుడు ఆగలేదు, అందుకే ఎవరూ లేవలేదు.

నాలుగున్నరకి కాపలా అతను టార్చి పట్టుకుని వెళ్లి కేకేశాడు. నేను పరిగెత్తాను. నీటి అంచు వెంబడి, గట్టు చుట్టూతా, టార్చి వెలుగు పడిన చోటల్లా ఎర్రటి చుక్కలు. రొయ్యల కళ్లు. ఊపిరాడక అన్నీ పైకి, అంచులకి వచ్చేశాయి. కొన్ని అప్పటికే పక్కకి ఒరిగిపోయాయి. మామయ్య భీమవరం నుంచి వచ్చేసరికి తెల్లారింది. వచ్చి నన్నేమీ అనలేదు, వల తెప్పించమని మాత్రం చెప్పారు.

నా ఫోన్ తీసి చూశాను. యాప్ 3:20కి హెచ్చరిక పంపింది. సరైన సమయానికే పంపింది. నా ఫోన్‌లో టింగుమంది, నేను నిద్రలో ఉన్నాను. మామయ్య ఫోన్‌లో రాత్రిళ్లు డేటా ఆపేసి ఉంటుంది. కాపలా అతని చేతిలో బటన్ల ఫోన్. వారం తర్వాత అతనే నాతో అన్నాడు: "మోగితే లేస్తానండి. టింగుమంటే లేవనండి." ఏడాదిన్నరలో మాకెవరూ చెప్పని మాట అది. మేం అడగాల్సిన మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ పంటలోనే రెండోది కూడా తెలిసింది. సెన్సర్ మీద నాలుగు రోజులకే పాకుడు పట్టేది. తుడవకపోతే అంకెలు తప్పు చూపించేది. తుడవమని ఎవరికి చెప్తాం? మేత చల్లడం, మేత ఎంత తిన్నాయో తెలిసే చెక్ ట్రేలు లేపి చూడడం, డీజిల్ తేవడం, రాత్రి కాపలా, అన్నీ ఆ ఒక్క మనిషే చేస్తాడు. అతని నెత్తిన ఇంకో పని పెట్టే వస్తువు ఏదైనా మూలకి చేరిపోతుంది.

అప్పుడు సెన్సర్‌ని పక్కన పెట్టేశాం. నీళ్లలో ఏమీ ముంచని పరికరం చేశాం. మోటారు వైరు చుట్టూ చిన్న రింగు తొడిగితే ఆ మోటారు ఎంత కరెంటు లాగుతోందో తెలుస్తుంది. ఏరేటర్ ఆగినా, ఫేజు పోయి రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరుగుతున్నా వెంటనే తెలిసిపోతుంది. అంతే, ఫోన్ కాల్ వెళ్తుంది. యాప్ లేదు. కాపలా అతను ఎత్తకపోతే యజమానికి, ఆయనా ఎత్తకపోతే పక్క చెరువు అతనికి. ఎత్తేదాకా మోగుతుంది. బటన్ల ఫోన్లు చాలు, పరికరంలో 2జీ సిమ్ చాలు. మోటార్లు కాలిపోకుండా ఆగడం మేం అనుకోని లాభం. రైతులు మొదట దానికోసమే కొన్నారు. మోటారు రీవైండింగ్‌కి ఎంతవుతుందో వాళ్లకి నోటికి వచ్చు కాబట్టి.

మీ సెన్సర్ పనికిరాదని నేను అనడం లేదు. ఇప్పుడు సెన్సర్లు అప్పటికన్నా బాగున్నాయి. కానీ మీ పరికరాన్ని రోజూ ముట్టుకునే మనిషి ఎవరు, డబ్బులిచ్చే మనిషి ఎవరు, ఈ రెండూ విడివిడిగా రాసుకోండి. రొయ్యల సాగులో వీళ్లిద్దరూ చాలాసార్లు వేరు. డబ్బులిచ్చే ఆయన భీమవరంలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు, ఒక్కోసారి అమెరికాలో. మీరు హైదరాబాద్‌లో ఆఫీసు పెడితే రోజూ రెండోవాళ్లతోనే మాట్లాడతారు. మొదటివాళ్లు మీకు కనపడరు.

ఇక డబ్బు వసూలు సంగతి. మేం మొదట నెలకింత అని పెట్టాం, సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ అలాగే చేస్తాయని. రైతుకి నెల నెలా రాబడి ఉండదు. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మిన రోజు, డబ్బు చేతికొస్తుంది, అంతదాకా అంతా ఖర్చే. మూడో నెల నుంచి ఫోన్లు ఎత్తడం మానేశారు. వాళ్లు ఎగ్గొట్టేవాళ్లు కాదు, అప్పటికి చేతిలో ఉండదు. పంటకి ఇంత అని మార్చాక వసూలు కుదురుకుంది. పట్టుబడి ఎప్పుడో ముందే కనుక్కుని, ఆ రోజు గట్టు మీద ఉండాలి. లారీ ఎక్కి ఐస్ వేసి సరుకు వెళ్లిపోయాక వారం ఆగి వెళ్తే ఆ డబ్బు మేత కొట్టుకీ, డీజిల్‌కీ, లీజుకీ వెళ్లిపోయి ఉంటుంది.

మేత కొట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా కంపెనీ బతికింది దానివల్లే. రొయ్యల ఖర్చులో పెద్ద వాటా మేతదే. చిన్న రైతుల్లో చాలామంది మేత, మందులు అరువు మీద తెచ్చుకుంటారు, పట్టుబడికి తీరుస్తారు. అంటే రైతు చెరువులో డీలరు డబ్బు కూడా ఈదుతోంది. రొయ్యలు చచ్చి తేలిపోతే ఆయనకీ నష్టమే. ఈ సంగతి అర్థమైన రోజు నేను రైతుల దగ్గరికి వెళ్లడం తగ్గించి, ఆకివీడులో ఒక డీలరు దగ్గర కూర్చున్నాను. వరసగా తొమ్మిది రోజులు, పొద్దున ఏడు నుంచి. పదో రోజు ఆయనే అడిగారు, "నా రైతులు ఇరవై మందికి పెట్టు, డబ్బు నా ఖాతాలో రాసుకో" అని. మాదాపూర్‌లో పాతిక మీటింగులు పెట్టుకున్నా నాకు ఈ దారి దొరికేది కాదు. ఆయన పొద్దున్నే కొట్టు తీసేటప్పుడు పక్కన ఉన్నవాడికే దొరుకుతుంది.

దీనికో జాగ్రత్త. డీలరు పేరు మీద అమ్మితే, ఆ డీలరుకి పడని రైతులు మిమ్మల్ని దూరం పెడతారు. ఒక ఊళ్లో మాకు అలాగే జరిగింది, రెండు పంటలు ఆ ఊళ్లోకి వెళ్లలేకపోయాం. మొదట్లోనే ఇద్దరు ముగ్గురు డీలర్లతో మాట్లాడుకోండి.

తుపాను మాట కూడా చెప్పాలి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కోనసీమలో కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. ఆ వైపు మా పరికరాలు కొన్ని ఉన్నాయి. కరెంటు పోయింది, కాసేపటికి సెల్ టవర్లు కూడా పోయాయి. సిమ్ మీద ఆధారపడ్డ మా పరికరం మూగబోయింది. కావాల్సిన రాత్రే పనిచేయలేదు. ఆ తర్వాత ప్రతి పెట్టెలో బ్యాటరీ, పైన ఒక సైరన్ పెట్టాం. నెట్‌వర్క్ ఉన్నా లేకపోయినా గట్టు మీద మోగుతుంది. నెట్ లేకపోతే మీ వస్తువు ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకి జవాబు లేకుండా కోనసీమలో ఒక్క పరికరం కూడా పెట్టకండి. ఉప్పుగాలికి ప్యానెల్ బోర్డుల్లో స్క్రూలు ఆరు నెలల్లో తుప్పుపడతాయి, అదీ లెక్కలో వేసుకోండి.

హైదరాబాద్‌ని తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. నేను ఆ ఊళ్లో పదేళ్లున్నాను. అమీర్‌పేట హాస్టల్లో నలుగురం ఒక గదిలో ఉండి చదువుకున్నాను, మొదటి జీతం అక్కడే అందుకున్నాను. ఆ ఊరు ఇచ్చేవి నిజంగా ఉన్నాయి. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే మీకు కావాల్సిన రిలే, కనెక్టర్, కెపాసిటర్ అరగంటలో చేతికొస్తాయి. అదే భీమవరంలో ఉండి తెప్పించుకుంటే నాలుగు రోజులు, అందులో ఒకటి తప్పుది వస్తుంది. బోర్డులు చేయించేవాళ్లు చర్లపల్లి వైపు ఉన్నారు. మా బోర్డు డిజైన్ నాలుగుసార్లు మారింది, నాలుగుసార్లూ వాళ్ల బల్ల పక్కన నుంచుని చేయించుకున్నాను. ఫోన్‌లో అయ్యే పని కాదు. పెట్టుబడి పెట్టేవాళ్లని కలవాలన్నా, బాగా తెలిసినవాళ్ల సలహా కావాలన్నా అక్కడికే వెళ్లాలి.

కానీ ఆ ఊళ్లో కంపెనీ పెట్టినవాళ్ల మధ్యే తిరుగుతుంటే మెల్లగా ఒకటి జరుగుతుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా స్టార్టప్ గురించే మాట్లాడుకుంటాం, ఫలానావాడికి ఎంత పెట్టుబడి వచ్చింది, ఏ పోటీకి దరఖాస్తు పెట్టాలి, ప్రజెంటేషన్‌లో ఏ స్లైడు ముందు ఉండాలి. రోజంతా కష్టపడ్డట్టే ఉంటుంది, కొన్నవాడు ఒక్కడూ ఉండడు. కొండాపూర్‌లో ఉన్న ఏడాదిన్నరలో నేను ప్రజెంటేషన్ 30 సార్లకి పైగా మార్చాను, చెరువు దగ్గరికి ఐదుసార్లు వెళ్లాను. ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉంటుంది. దానికి తోడు అద్దె, రోజుకి రెండు గంటల ట్రాఫిక్, ఒంటరితనం. నా స్నేహితుడు ఆ టెన్షన్ తట్టుకోలేక మళ్లీ ఉద్యోగంలో చేరిపోయాడు. అతన్ని తప్పుపట్టను.

నేను భీమవరం వచ్చాక నెలకోసారి రైలెక్కేవాణ్ణి. రాత్రి ఎక్కితే పొద్దున్నే దిగుతాం. రెండు రోజుల్లో బోర్డుల పని, ఒకటో రెండో మీటింగులు చూసుకుని మళ్లీ రాత్రి రైలు. మీకూ అది చాలు.

సొంతూళ్లో ఉండడం మాత్రం తేలిక అనుకోకండి. హైదరాబాద్‌లో మీరు ఓడిపోతే పక్క ఫ్లాటువాళ్లకి తెలియదు. ఇక్కడ పెళ్లికెళ్లినా, చావుకెళ్లినా "ఏం చేస్తున్నావు బాబూ, ఉద్యోగం పోయిందా?" అని అడుగుతారు. మా అమ్మ రెండేళ్లు ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక బంధువుల ఇళ్లకి వెళ్లడమే తగ్గించుకుంది. ఇంకోటి, బంధుత్వం మీద అమ్మిన పరికరానికి డబ్బు అడగడం చాలా కష్టం. మొదటి పది మందిలో బంధువులు ఇద్దరికి మించి ఉండకూడదు. వాళ్లు మీ ముఖం చూసి కొంటారు, బాగోకపోయినా బాగుందంటారు. మీకు నిజం తెలియదు.

మనుషులు దొరకరన్న భయం చాలామంది చెప్తారు. భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలకి లోటు లేదు, కానీ చదువైపోగానే పిల్లలు హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా. నేను చేర్చుకున్న మొదటి ముగ్గురూ ఏడాది తిరగకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత పద్ధతి మార్చాను. మోటారు వైండింగ్ షాపులో పనిచేసే ఒక కుర్రాణ్ణి తీసుకున్నాను. ఐటీఐ చదివాడు. స్టార్టర్ పెట్టె మూత తీసి వాసన చూసి ఏ కాయిల్ వేడెక్కిందో చెప్పేవాడు. ఇప్పుడు మా ఫీల్డు పని మొత్తం అతనే చూస్తాడు. పెళ్లయి ఈ చుట్టుపక్కలకి వచ్చి, చదువుండీ ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. రైతుల ఫోన్లు మాట్లాడే పని నలుగురు వాళ్లే ఇళ్ల నుంచి చేస్తున్నారు. రైతు ఏ యాసలో ఏం చెప్పినా వాళ్లకి అర్థమవుతుంది.

రిజిస్ట్రేషన్ విషయంలో ఒక్క మాట, ఎందుకంటే తొందరపడి దీన్నే ముందు చేస్తారు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం 2021లో వచ్చింది. నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు, ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకి తోడ్పడే కేంద్రాల) ద్వారా, విడతలుగా ఇచ్చేలా పెట్టారు. అయితే దరఖాస్తు నాటికి కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదని షరతు పెట్టారు. చాలామంది ఆలోచన రాగానే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టేసి, ఏడాదిన్నర ఊరికే ఉంచి, చేతిలో చూపించడానికి ఏదైనా వచ్చేసరికి గడువు దాటించుకుంటారు. నమూనా చెరువు మీద పనిచేసేదాకా రిజిస్ట్రేషన్ జోలికి వెళ్లకండి. సొంతపేరు మీద నడిపే సంస్థకి స్టార్టప్ గుర్తింపు ఇవ్వరు, అది గుర్తుంచుకోండి. ప్రైవేట్ లిమిటెడ్, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), రిజిస్టర్డ్ పార్ట్‌నర్‌షిప్ లాంటివాటికి ఇస్తారు.

మీ 12 లక్షల్లో సగం ఇంటి ఖర్చుకి వేరే ఖాతాలో వేసి, అది లేదనుకోండి. రొయ్యల మీద ఆధారపడ్డ ఏ వ్యాపారమైనా ధరతోపాటే ఊగుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ కొనుగోలు ధరలు పడ్డాయి, కొంతమంది రైతులు పిల్ల వేయడమే వాయిదా వేసుకున్నారు. పిల్ల వేయని చెరువుకి మన పరికరంతో పనేముంది? ఆ పంట మాకు కొత్త ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయి. పాతవాళ్లు నిలబెట్టారు. కైకలూరు వైపు చేపల చెరువుల్లో ముందే అడుగుపెట్టి ఉండడం కూడా కలిసొచ్చింది. మీరూ ఒక్క రొయ్య మీదే ఉండకండి.

మీ ఆవిడ ఉద్యోగం గురించి అడిగారు. ఇది మీ ఇద్దరూ తేల్చుకోవాల్సింది, నేను నా సంగతి చెప్తాను. నా భార్య రెండేళ్లు హైదరాబాద్‌లోనే ఉండి ఉద్యోగం చేసింది, ఇల్లు నడిచింది ఆ జీతంతోనే. మా బాబు అప్పుడు ఏడాదిన్నరవాడు. నేను పదిహేను రోజులకోసారి వెళ్తే మొదటి గంట వాడు నా దగ్గరికి వచ్చేవాడు కాదు. అది నాకిప్పటికీ గుర్తుకొస్తే కష్టంగా ఉంటుంది. వెళ్లే ముందు మేమిద్దరం ఒక తేదీ రాసుకున్నాం, ఆ రోజుకి నెలకి ఇంత రాకపోతే నేను మళ్లీ ఉద్యోగంలో చేరాలని. ఆ తేదీకి నాలుగు నెలల ముందు లెక్క సరిపోయింది. సరిపోకపోతే చేరిపోయేవాణ్ణి. మీరూ ఆ తేదీ, ఆ అంకె కాగితం మీద రాసుకుని మీ ఆవిడ దగ్గర పెట్టండి.

మీ చిన్నాన్నగారికి చెరువుందని రాశారు. పిల్ల వేసి 60 రోజులు దాటాక వెళ్లండి, అప్పటిదాకా రాత్రిళ్లు పెద్దగా ఏమీ జరగదు. లాప్‌టాప్ వద్దు. దోమతెర, టార్చి, చిన్న నోటుబుక్కు చాలు. అర్ధరాత్రి నుంచి ఆరింటిదాకా కాపలా అతను ఎన్నిసార్లు లేచాడు, ఎందుకు లేచాడు, లేచి ఏం ముట్టుకున్నాడు, ఇవి రాసుకోండి. ఐదారు రాత్రులు రాశాక ఇక్కడ మళ్లీ అడగండి, అప్పుడు పరికరం గురించి మాట్లాడుకుందాం.